చుండ్రు షాంపూ: చదవాల్సింది సీసా వెనకవైపు

చుండ్రు షాంపూ సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది ప్రచారం. వెనకవైపు సన్నటి అక్షరాల్లో ఉండేది సమాచారం. అందులో ఏ మందు ఉంది, ఎంత శాతం ఉంది, తలమీద ఎంతసేపు ఉంచాలి అన్న మూడు సంగతులూ అక్కడే ఉంటాయి. షాంపూ పనిచేస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది. సువాసన, నురగ, రంగు, సీసా మీద ముద్రించిన ఆకుల బొమ్మలు చుండ్రు విషయంలో లెక్కలోకి రావు.

"నాలుగైదు కంపెనీలవి వాడి చూశాం, ఏదీ పనిచేయలేదు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఆ సీసాలన్నీ వరసగా పెట్టి వెనకవైపు చదివితే, చాలాసార్లు అన్నిట్లోనూ ఒకే మందు కనిపిస్తుంది. అంటే పేర్లు మారాయే గాని చికిత్స మారలేదు. ఇంకొన్నిసార్లు మందు సరైనదే అయినా, తలకు రాసిన అర నిమిషంలోనే కడిగేయడం వల్ల పనిచేసే అవకాశమే దొరికి ఉండదు. అందుకే షాంపూ ఎంపిక గురించి మాట్లాడాలంటే ముందు చుండ్రు ఎలా పుడుతుందో, ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో చూడాలి.

తలమీద జరిగేది ఏమిటి

మాడు మీద జిడ్డు గ్రంథులు చాలా దట్టంగా ఉంటాయి. అవి విడుదల చేసే జిడ్డును సీబమ్ అంటారు. ఆ జిడ్డు మీద బతికే మలసీజియా అనే ఈస్ట్ రకం ఫంగస్ దాదాపు ప్రతి మనిషి తలమీదా ఉంటుంది. చుండ్రు లేనివాళ్ళ తలమీద కూడా ఉంటుంది. 1874లో ఫ్రాన్స్‌కు చెందిన లూయీ చార్లెస్ మలసే చుండ్రు పొలుసుల్లో ఈ సూక్ష్మజీవిని వర్ణించారు. ఆయన పేరే తర్వాత దానికి స్థిరపడింది. ఇందులో చాలా జాతులున్నా, మాడు మీద ప్రధానంగా ఉండేవి మలసీజియా రెస్ట్రిక్టా, మలసీజియా గ్లోబోసా.

2007లో మలసీజియా గ్లోబోసా జన్యుక్రమాన్ని ప్రచురించినప్పుడు ఒక ముఖ్యమైన విషయం బయటపడింది. కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోవడానికి కావలసిన జన్యువు దానికి లేదు. కాబట్టి బతకాలంటే మన చర్మపు జిడ్డు మీద ఆధారపడక తప్పదు. అది లైపేజ్ అనే ఎంజైములను వదిలి జిడ్డును ముక్కలు చేస్తుంది. అందులో సంతృప్త కొవ్వు ఆమ్లాలను తాను వాడుకుని, అసంతృప్త కొవ్వు ఆమ్లాలను చర్మం మీదే వదిలేస్తుంది. అలా మిగిలిపోయే వాటిలో ఓలియిక్ ఆమ్లం ముఖ్యమైనది.

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఓలియిక్ ఆమ్లం కొందరి చర్మంలోకి చొరబడి మంట పుట్టిస్తుంది, కొందరిని ఏమీ చేయదు. పరిశోధకులు ఓలియిక్ ఆమ్లాన్ని నేరుగా తలకు రాసి చూసినప్పుడు, చుండ్రు తత్వం ఉన్నవాళ్ళకు పొలుసులు లేచాయి, లేనివాళ్ళకు లేవలేదు. ఆ తత్వం ఉన్నవాళ్ళలో చర్మం ఆ మంటను తట్టుకోలేక, కణాలను హడావిడిగా పైకి తోసేస్తుంది. మామూలుగా చర్మం అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. అది కూడా కంటికి కనపడకుండా, ఒక్కొక్కటిగా రాలిపోతుంది. చుండ్రులో ఈ ప్రయాణానికి పట్టే కాలం బాగా తగ్గిపోతుంది. సరిగ్గా పండని కణాలు ఒకదానికొకటి అతుక్కుని గుంపులుగా ఊడి వస్తాయి. భుజాల మీద కనిపించే తెల్లటి పొట్టు అదే.

అంటే చుండ్రు రావడానికి మూడు కలవాలి: జిడ్డు, ఫంగస్, దానికి స్పందించే చర్మ తత్వం. ఈ మూడూ అర్థమైతే చాలా ప్రశ్నలకు వాటంతటవే జవాబులు దొరుకుతాయి. చుండ్రు ఎందుకు చిన్నపిల్లల్లో అరుదు, యుక్తవయసులో ఎందుకు మొదలవుతుంది? హార్మోన్ల వల్ల జిడ్డు పెరిగేది అప్పుడే కాబట్టి. మగవాళ్ళలో ఎక్కువ కనిపించడానికీ, యాభై దాటాక చాలామందిలో తగ్గడానికీ కూడా ఇదే కారణం. ఒక తల నుంచి ఇంకో తలకు అంటుకుంటుందా? లేదు, ఆ ఫంగస్ అవతలివాళ్ళ తలమీద ముందునుంచే ఉంది. శుభ్రత లేకపోవడం వల్ల వస్తుందా? తలస్నానం బాగా తగ్గితే జిడ్డు పేరుకుని పెరగొచ్చు గాని, రోజూ శుభ్రంగా తలస్నానం చేసేవాళ్ళకూ చుండ్రు వస్తుంది. పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సమస్య ఇది. చుండ్రు ఉందని సిగ్గుపడి ముదురు రంగు బట్టలు మానేసేవాళ్ళు, నలుగురిలోకి వెళ్ళడానికి వెనకాడేవాళ్ళు ఈ ఒక్క విషయం తెలుసుకున్నా చాలా భారం దిగుతుంది.

ఇంకో జవాబు కొంచెం నిరాశ కలిగిస్తుంది గాని, ముందే తెలుసుకోవడం మంచిది. జిడ్డును పూర్తిగా ఆపలేం, చర్మ తత్వాన్ని మార్చలేం. మన చేతిలో ఉన్నది ఫంగస్‌ను తగ్గించడం, పేరుకున్న పొలుసులను తొలగించడం, మంటను చల్లార్చడం. ఫంగస్‌ను ఎంత తగ్గించినా కొన్ని వారాల్లో మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి "శాశ్వతంగా నయం" అని రాసిన ఏ సీసా అయినా చేయలేని పనిని వాగ్దానం చేస్తున్నట్టే. చుండ్రును అదుపులో పెట్టుకోవచ్చు, ఏళ్ళ తరబడి కనపడకుండా ఉంచుకోవచ్చు. దానికి చికిత్స తర్వాత కొనసాగింపు కూడా కావాలి.

ముందు అది చుండ్రేనా?

తల నుంచి పొట్టు రాలితే ప్రతిసారీ చుండ్రే కానక్కర లేదు. మాడు పొడిబారినప్పుడు కూడా పొట్టు రాలుతుంది. ఆ పొట్టు చిన్నగా, పొడిగా ఉంటుంది. తలతో పాటు చేతులు, కాళ్ళ చర్మం కూడా బిగుసుకున్నట్టు ఉంటుంది. చుండ్రు పొలుసులు కాస్త పెద్దవి, జిడ్డుగా, కొన్నిసార్లు పసుపు ఛాయతో ఉంటాయి, కుదుళ్ళ దగ్గర అంటుకుని ఉంటాయి. ఈ తేడా గుర్తించకపోతే చికిత్స తలకిందులవుతుంది. పొడిబారిన మాడుకు ఘాటైన చుండ్రు షాంపూ రోజూ వాడితే ఇంకా పొడిబారి, ఇంకా పొట్టు లేస్తుంది. అది చూసి ఇంకా ఘాటైనది వాడతారు. పొడి మాడుకు కావలసింది మృదువైన షాంపూ, తలస్నానాల మధ్య కాస్త ఎడం.

కొత్తగా తలకు రంగు వేసుకున్న తర్వాత, లేదా షాంపూ మార్చిన తర్వాత హఠాత్తుగా దురద, ఎరుపు, పొట్టు మొదలైతే అలర్జీని అనుమానించాలి. హెయిర్ డైలలో ఉండే పారాఫినైలిన్ డయామిన్, షాంపూల్లోని సువాసన ద్రవ్యాలు, కొన్ని ప్రిజర్వేటివ్‌లు దీనికి పేరుమోసినవి. దీనికి మందు ఆ వస్తువును మానేయడమే. సోరియాసిస్ అయితే పొలుసులు మందంగా, వెండి రంగులో, గట్టి అంచులున్న మచ్చలుగా ఉంటాయి. నుదుటి మీదకి, చెవుల వెనక్కి పాకుతాయి, మోచేతులు, మోకాళ్ళ మీద కూడా కనిపించవచ్చు. పిల్లల తలలో ఒకచోట పొలుసులతో పాటు జుట్టు విరిగి, గుండ్రంగా పలచబడితే అది తామర జాతి ఫంగస్ కావచ్చు. అది వెంట్రుక లోపలికి దిగుతుంది కాబట్టి షాంపూతో పోదు, నోటిద్వారా మందు వాడాలి. ఇది అంటుకునేది కూడా. అందుకే పిల్లల విషయంలో షాంపూలు మార్చి చూస్తూ వారాలు గడపకూడదు.

ఏ మందు ఏం చేస్తుంది

చుండ్రు షాంపూల్లో ఎక్కువకాలంగా, ఎక్కువమంది వాడిన మందు జింక్ పైరిథియోన్. 1961లో అమెరికాలో హెడ్ అండ్ షోల్డర్స్ ఈ మందుతోనే వచ్చింది. ఇది ఫంగస్ కణంలోకి రాగిని ఎక్కువగా చేరేలా చేస్తుందనీ, ఆ రాగి ఇనుము, గంధకంతో కూడిన ముఖ్యమైన ప్రొటీన్లను దెబ్బతీస్తుందనీ 2011లో వచ్చిన పరిశోధన వివరించింది. దీనికి ఇంకో సుగుణం ఉంది. ఇది నీళ్ళలో సరిగ్గా కరగదు. సన్నటి రేణువులుగా షాంపూలో తేలుతూ ఉంటుంది. తల కడిగిన తర్వాత కూడా కొన్ని రేణువులు మాడు మీద మిగిలి, తర్వాతి తలస్నానం దాకా పనిచేస్తూ ఉంటాయి. ఒకే శాతం జింక్ పైరిథియోన్ ఉన్న రెండు షాంపూలు ఒకేలా పనిచేయకపోవడానికి ఒక కారణం ఇదే. రేణువుల పరిమాణం, ఆకారం, అవి మాడు మీద నిలిచేలా చేసే మిగతా పదార్థాలు తేడా తెస్తాయి. అమెరికా నిబంధనల ప్రకారం కడిగేసే షాంపూల్లో ఇది 0.3 నుంచి 2 శాతం వరకు ఉండవచ్చు. ఎక్కువగా కనిపించేది 1 శాతం.

ఈ మందు గురించి ఇటీవల చాలామందిని కలవరపెట్టిన వార్త ఒకటుంది. 2022 మార్చి 1 నుంచి యూరోపియన్ యూనియన్ దీన్ని సౌందర్య సాధనాల్లో నిషేధించింది. విషయం పూర్తిగా తెలియకపోతే "ఇన్నాళ్ళూ విషం రాసుకున్నామా" అనిపిస్తుంది. జరిగింది వేరు. సంతానోత్పత్తికి హాని చేసే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో దీన్ని చేర్చారు. ఆ జాబితాలో చేరిన దేన్నైనా సౌందర్య సాధనాల్లో కొనసాగించాలంటే సురక్షితమని తేలడం ఒక్కటే చాలదు, దానికి తగిన ప్రత్యామ్నాయం లేదని కూడా నిరూపించాలి. కడిగేసే చుండ్రు షాంపూల్లో 1 శాతం వరకు సురక్షితమేనని అక్కడి శాస్త్రీయ కమిటీయే 2020లో అభిప్రాయం చెప్పింది. ప్రత్యామ్నాయాలు ఉన్నాయి కాబట్టి రెండో షరతు నెరవేరలేదు. అందుకే అక్కడ దీని స్థానంలో పైరోక్టోన్ ఓలమిన్ లాంటివి వచ్చాయి. అమెరికాలోనూ మరెన్నో దేశాల్లోనూ జింక్ పైరిథియోన్ ఇంకా అమ్ముడవుతోంది. దీన్ని చూసి భయపడాల్సిన అవసరం కనిపించదు. అయినా వద్దనుకునేవాళ్ళకు వేరే దారులున్నాయి.

అలాంటి దారుల్లో బలమైనది కీటోకోనజోల్. ఫంగస్ తన కణపొర కోసం తయారుచేసుకునే ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని ఇది అడ్డుకుంటుంది. పొర బలహీనపడితే ఫంగస్ నిలవలేదు. షాంపూల్లో 1 శాతం, 2 శాతం దొరుకుతుంది. కొన్ని దేశాల్లో 2 శాతానికి డాక్టరు చీటీ కావాలి. 331 మంది మీద జరిపి, 2002లో ప్రచురించిన ఒక పరీక్షలో నాలుగు వారాలకు 2 శాతం కీటోకోనజోల్ వాడినవాళ్ళలో చుండ్రు తీవ్రత 73 శాతం తగ్గింది, 1 శాతం జింక్ పైరిథియోన్ వాడినవాళ్ళలో 67 శాతం తగ్గింది. కీటోకోనజోల్‌ది పైచేయే, కానీ తేడా మనం ఊహించుకునేంత పెద్దది కాదు. మామూలు చుండ్రుకు జింక్ పైరిథియోన్‌తో మొదలుపెట్టడం తెలివైన పనే అని ఈ అంకెలు చెబుతున్నాయి. దానితో లొంగకపోతే, లేదా మొదటినుంచే దురద, ఎరుపు ఎక్కువగా ఉంటే కీటోకోనజోల్‌కు వెళ్ళవచ్చు.

కీటోకోనజోల్ కాలేయాన్ని దెబ్బతీస్తుందన్న మాట నిజమే, అయితే అది మాత్రల సంగతి. 2013లో అమెరికా, యూరప్ ఔషధ సంస్థలు నోటిద్వారా వేసుకునే కీటోకోనజోల్ మీద కఠినమైన ఆంక్షలు పెట్టాయి. షాంపూ రూపంలో తలకు రాసి కడిగేసినప్పుడు రక్తంలోకి చేరేది దాదాపు ఏమీ ఉండదు. ఈ రెంటినీ కలిపి చూసి మంచి షాంపూను దూరం పెట్టుకోవడం వల్ల నష్టపోయేది వాడేవాళ్ళే.

సెలీనియం సల్ఫైడ్ రెండు వైపుల నుంచి పనిచేస్తుంది. ఫంగస్‌ను తగ్గిస్తుంది, చర్మ కణాలు పైకి దూసుకొచ్చే వేగాన్నీ తగ్గిస్తుంది. 1 శాతం మామూలుగా, 2.5 శాతం చాలాచోట్ల డాక్టరు సలహాతో దొరుకుతుంది. మొండి చుండ్రుకు ఇది బాగా పనిచేస్తుంది. వాసన మాత్రం అందరికీ నచ్చదు. రంగు వేసిన జుట్టు, లేత రంగు జుట్టు ఛాయ మారవచ్చు. కొందరికి వాడుతున్నకొద్దీ మాడు మరింత జిడ్డుగా అనిపిస్తుంది. వాడేముందు నగలు తీసేయాలి, తర్వాత నీళ్ళతో చాలాసేపు కడగాలి. 2 శాతం కీటోకోనజోల్‌తో పోల్చి చూసినప్పుడు ఫలితంలో ఇది వెనకబడలేదు గాని, తలకు పడటంలో కీటోకోనజోలే మెరుగని తేలింది.

పైరోక్టోన్ ఓలమిన్, క్లైంబజోల్ మృదువైన షాంపూల్లో ఎక్కువగా కనిపిస్తాయి. వాసన, రంగు ఇబ్బందులు తక్కువ. తేలికపాటి చుండ్రుకు, తరచుగా తలస్నానం చేసేవాళ్ళకు బాగా సరిపోతాయి. సైక్లోపిరాక్స్ షాంపూ ఎక్కువగా డాక్టర్లు రాసేది. ఫంగస్‌ను తగ్గించడంతో పాటు మంటను కూడా కొంత చల్లారుస్తుంది.

సాలిసిలిక్ ఆమ్లం పనితీరు వేరు. దాని పని పొలుసులను వదులు చేసి ఊడగొట్టడం. ఫంగస్ మీద దానికి పెద్దగా పట్టు లేదు. పొలుసులు మందంగా పేరుకుని ఉన్న తలకు ఏ ఫంగస్ మందు రాసినా పైపైనే ఉండిపోతుంది, చర్మాన్ని తాకదు. అలాంటప్పుడు మొదట కొన్నిసార్లు సాలిసిలిక్ ఆమ్లం ఉన్న షాంపూతో పొలుసులు తీసేసి, తర్వాత కీటోకోనజోల్ లాంటిది వాడితే ఫలితం కనిపిస్తుంది. అది ఒక్కటే రోజూ వాడుతూ పోతే మాడు పొడిబారి, మళ్ళీ పొట్టు లేస్తుంది.

కోల్ తార్ పాత మందు. కణాల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, దురద తగ్గిస్తుంది. చుండ్రు, సోరియాసిస్ రెండూ కలగలిసిన తలలకు డాక్టర్లు ఇప్పటికీ రాస్తుంటారు. ఘాటైన వాసన, బట్టలకు, లేత జుట్టుకు అంటే మరక, వాడిన చోట ఎండకు చర్మం త్వరగా కమలడం దీని ఇబ్బందులు. మామూలు చుండ్రుకు దీనితో మొదలుపెట్టాల్సిన పని లేదు.

సహజ పదార్థాల విషయంలో ఒకదానికి మాత్రం చెప్పుకోదగ్గ ఆధారం ఉంది. 5 శాతం టీ ట్రీ ఆయిల్ ఉన్న షాంపూను 126 మంది మీద పరీక్షించగా, నాలుగు వారాల్లో చుండ్రు తీవ్రత 41 శాతం తగ్గింది. మందు లేని షాంపూ వాడినవాళ్ళలో 11 శాతం తగ్గింది. ఫలితం ఉంది, కానీ పైన చెప్పిన మందులంత లేదు. పైగా 5 శాతం అన్న మాట మరిచిపోకూడదు. సీసా మీద టీ ట్రీ అని రాసి ఉండి, లోపల సువాసనకు సరిపడా నాలుగు చుక్కలే ఉంటే ఆ పరీక్ష ఫలితం దానికి వర్తించదు. కొందరికి ఈ నూనె వల్ల అలర్జీ కూడా వస్తుంది. స్వచ్ఛమైన నూనెను నేరుగా మాడుకు రాయడం మంచిది కాదు.

ఎవరికి ఏది

పైపైన తెల్లటి పొట్టు, కొద్దిపాటి దురద ఉంటే జింక్ పైరిథియోన్ లేదా పైరోక్టోన్ ఓలమిన్. జిడ్డుగా, పసుపు ఛాయతో, కనుబొమ్మలు, ముక్కు పక్కలకు కూడా పాకితే అది సెబోరిక్ డెర్మటైటిస్. చుండ్రు దాని తేలికపాటి రూపమే. దానికి కీటోకోనజోల్ ముందు ఆలోచించాలి. రంగు వేసిన జుట్టుకు సెలీనియం సల్ఫైడ్, కోల్ తార్ పక్కన పెట్టడం మంచిది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మందు ఉన్న ఏ షాంపూ అయినా డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

జుట్టు రకం కూడా చూడాలి, ఎందుకంటే చుండ్రు షాంపూ మాడుకు మేలు చేస్తూనే వెంట్రుకలను పొడిబార్చవచ్చు. బాగా ఉంగరాలు తిరిగిన, సహజంగా పొడిగా ఉండే జుట్టుకు వారానికి ఒక్కసారి మందు షాంపూ చాలు. మెత్తగా, నిటారుగా, త్వరగా జిడ్డు పట్టే జుట్టుకు తలస్నానం తరచుగా చేస్తూ, అందులో వారానికి రెండుసార్లు మందు షాంపూ, మిగతా రోజుల్లో మామూలు షాంపూ వాడవచ్చు. కండిషనర్ రాయాలంటే వెంట్రుకల పొడవుకు, కొసలకు రాసుకుని మాడును వదిలేస్తే సరిపోతుంది.

ఎంత మంచి షాంపూ అయినా వాడాలనిపించకపోతే అది పనికిరాదు. వాసన భరించలేక పది రోజుల్లో పక్కన పెట్టే బలమైన మందు కన్నా, ఇష్టంగా ఆరు నెలలు వాడగలిగే మధ్యస్థమైన మందు మేలు. పరీక్షల్లో వచ్చే అంకెలు ఈ విషయాన్ని చెప్పవు గాని, ఎంపికలో దీనికి పెద్ద స్థానమే ఇవ్వాలి.

వాడే తీరే సగం మందు

షాంపూ విఫలమైందనుకునే సందర్భాల్లో ఎక్కువభాగం వాడకం దగ్గరే చెడుతుంది. మామూలు షాంపూ పని మురికి వదిలించడం, దానికి అర నిమిషం చాలు. మందు షాంపూకు ఫంగస్‌ను తాకే సమయం కావాలి. చాలా షాంపూలకు మూడు నుంచి ఐదు నిమిషాలు అని సీసా మీదే రాసి ఉంటుంది. నీళ్ళ కింద నిలబడి ఐదు నిమిషాలు ఊరికే ఉండటం కష్టం. కాబట్టి తలకు ముందుగా రాసేసుకుని, ఒళ్ళు రుద్దుకోవడం లాంటి మిగతా స్నానం పూర్తిచేసి, చివర్లో తల కడుక్కుంటే సమయం దానంతటదే గడిచిపోతుంది.

రాసుకోవాల్సింది మాడుకు. జుట్టు మీద నురగ తేలితే సరిపోదు. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, వేళ్ళ కొసలతో చర్మానికి తగిలేలా రాయాలి. గోళ్ళతో గీరడం వల్ల పొలుసులు ఊడినట్టు అనిపిస్తుంది గాని, అక్కడ చర్మం గీసుకుపోయి మంట పెరుగుతుంది. మాడు బాగా జిడ్డుగా ఉంటే మొదట మామూలు షాంపూతో ఒకసారి కడిగి, తర్వాత మందు షాంపూ రాయడం మంచిది. సీసాలో మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి వాడేముందు ఊపాలి. జింక్ పైరిథియోన్, సెలీనియం సల్ఫైడ్ లాంటి రేణువుల మందులకు ఇది మరీ ముఖ్యం.

ఎన్నాళ్ళు? కీటోకోనజోల్ అయితే వారానికి రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు. మిగతా మందులకు కూడా కనీసం నాలుగు వారాలు ఇవ్వాలి. చర్మ కణాల చక్రమే నెల నాళ్ళది అయినప్పుడు, రెండు తలస్నానాలకే ఫలితం చూడాలనుకోవడం తొందరపాటు.

చాలామంది వదిలేసేది తర్వాతి దశను. పొట్టు కనపడటం ఆగగానే మందు షాంపూ మానేస్తారు. కొన్ని వారాలకు చుండ్రు తిరిగొస్తుంది. అప్పుడు షాంపూనే తప్పుపడతారు. ఈ విషయంలో 1995లో వచ్చిన ఒక పరీక్ష చాలా విలువైనది. 575 మందికి 2 శాతం కీటోకోనజోల్ షాంపూ ఇచ్చి, బాగా తగ్గినవాళ్ళను మూడు గుంపులుగా విడదీసి ఆరు నెలలు గమనించారు. మందు లేని షాంపూ వాడినవాళ్ళలో 47 శాతం మందికి సమస్య తిరిగొచ్చింది. రెండు వారాలకు ఒకసారి కీటోకోనజోల్ వాడినవాళ్ళలో 31 శాతం మందికి, వారానికి ఒకసారి వాడినవాళ్ళలో 19 శాతం మందికే తిరిగొచ్చింది. వారానికి ఒక్క తలస్నానం ఇంత తేడా తెస్తుందంటే, తగ్గిన తర్వాత కూడా ఆ సీసాను స్నానాల గదిలోనే ఉంచుకోవడం ఎంత అవసరమో ఊహించవచ్చు.

"మొదట్లో బాగా పనిచేసింది, తర్వాత తలకు అలవాటైపోయింది" అనే మాటకు కూడా చాలాసార్లు ఇదే వివరణ. తగ్గగానే వాడకం పలచబడుతుంది, రాసి ఉంచే నిమిషాలు తగ్గుతాయి, ఈలోగా చలికాలమో, నిద్రలేని రోజులో, పని టెన్షనో వచ్చి చుండ్రును పెంచుతాయి. ముందు మళ్ళీ సరైన పద్ధతిలో నాలుగు వారాలు వాడి చూడాలి. అప్పటికీ లొంగకపోతే మందు మార్చాలి. మార్చడమంటే సీసా మీద పేరు మార్చడం కాదు. జింక్ పైరిథియోన్ వాడుతుంటే కీటోకోనజోల్‌కో, సెలీనియం సల్ఫైడ్‌కో వెళ్ళాలి. రెండు వేర్వేరు మందుల షాంపూలను ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి వాడటం కూడా మంచి పద్ధతే.

నూనె గురించి ఒక మాట. పొలుసులు చూసి "తల ఎండిపోయింది" అనుకుని మాడుకు నూనె పట్టించి రాత్రంతా ఉంచితే, కాసేపు పొలుసులు అణగి తగ్గినట్టే కనిపిస్తుంది. మలసీజియాను ప్రయోగశాలలో పెంచడానికి వాడే మాధ్యమాల్లో ఆలివ్ నూనె కలుపుతారు, ఎందుకంటే కొవ్వు లేకుండా అది పెరగదు. అదే కొవ్వును తలమీద నిలవ ఉంచడం వల్ల చుండ్రు తత్వం ఉన్నవాళ్ళకు మేలు జరగదు. నూనె తప్పనిసరి అనుకుంటే వెంట్రుకల పొడవుకే పరిమితం చేయాలి. గట్టిగా అంటుకున్న పొలుసులను మెత్తబరచడానికి రాసినా, కొద్దిసేపటికే మందు షాంపూతో పూర్తిగా కడిగేయాలి.

షాంపూ పరిధి దాటినప్పుడు

సరైన మందును సరైన పద్ధతిలో నాలుగు వారాలు వాడినా తగ్గకపోతే ఇంకో సీసా కొనడం కన్నా చర్మ వైద్యులను కలవడం మంచిది. మంట ఎక్కువగా ఉంటే వాళ్ళు కొద్ది రోజులకు స్టెరాయిడ్ లోషనో, షాంపూనో ఇస్తారు. అది త్వరగా ఉపశమనం ఇస్తుంది. అందుకే సొంతంగా కొని నెలల తరబడి వాడే ప్రమాదమూ ఉంది. ఎక్కువకాలం వాడితే చర్మం పలచబడుతుంది. వైద్యులు చెప్పినన్ని రోజులే వాడాలి.

జుట్టు రాలుతోందన్న భయంతో చాలామంది పరుగులు పెడతారు. మామూలు చుండ్రు శాశ్వతంగా బట్టతల తీసుకురాదు. దురదకు గీరడం వల్ల, మాడు మంట వల్ల జుట్టు కొంత రాలవచ్చు, చుండ్రు తగ్గితే అది కూడా సర్దుకుంటుంది. కానీ ఒకచోట గుండ్రంగా జుట్టు పూర్తిగా ఊడిపోయినా, చీము, నొప్పి, రసి కారడం ఉన్నా, పొలుసులు ముఖం, ఛాతీ మీదకి పాకుతున్నా ఆలస్యం చేయకూడదు. అంతకుముందు ఎప్పుడూ లేని మనిషికి హఠాత్తుగా తీవ్రంగా వచ్చి దేనికీ లొంగకపోతే, వైద్యులు తల ఒక్కటే చూసి ఊరుకోరు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలోనూ, హెచ్‌ఐవీ వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలోనూ సెబోరిక్ డెర్మటైటిస్ తరచుగా, తీవ్రంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు రక్తపరీక్షలు చేయించమంటే వెనకాడకుండా చేయించుకోవాలి. ఇంతవరకు ఏ షాంపూలు, ఎంతకాలం, వారానికి ఎన్నిసార్లు వాడారో రాసుకుని వెళితే, లేదా ఆ సీసాల వెనకవైపు ఫోటోలు తీసుకుని వెళితే, వైద్యులకు తర్వాతి మందు ఏది ఇవ్వాలో తేల్చుకోవడం సులువవుతుంది.